మొదటి పేజీలో ఫొటో

గోదావరిఖనిలో ప్లాట్లమ్మే సదానందానికి వెబ్‌సైటు చేస్తున్న మెహ్రీన్, మొదటి పేజీకి రెండు నమూనాలు చూపించింది. ఒకదానిలో పైన మ్యాపు, మరోదానిలో ఆయన ఫొటో.

"ఫొటోదే పెట్టు బిడ్డా. పెద్దగ కనబడాలె."

"కొనేటోళ్లు జాగ చూస్తరు గని మీ మీసాలు చూస్తరా, కాకా?"

"మ్యాపు పెడితే పక్కపొంటి ఓపెన్‌కాస్టు బొగ్గు గని కనబడుతది."

"కనబడనియ్యుండ్రి. బ్లాస్టింగుకు మా అబ్బా కట్టిన ఇంటి గోడలన్నీ పగిలినయి. జాగ కొన్ననాడు ఆయనకు గిట్ల మ్యాపు ఎవ్వలూ చూపియ్యలే."

"గోడలన్నంక పగుల్తయి."

"మరి మీరు గక్కడనే ఇల్లు కడుతున్నరా?"

"నాకేం కర్మ? నేను పెద్దపల్లిల ఉంట."

మెహ్రీన్ ఆ మాటే టైపు చేసి ఆయన ఫొటో కింద పెట్టింది. "గిట్ల బాగుందా?"

సదానందం రెండుసార్లు చదువుకున్నాడు.

"మ్యాపే పెట్టు తల్లీ."