వెనక్కి తిరిగిన ఆకారం

ఆదోనిలో పత్తి వ్యాపారి రంగనాయకులు ఇల్లు, 1944. గోడకు ఆనించిన రంగుల పటం ముందర ఆయన, ఆయన భార్య కృష్ణకుమారి.

"మళ్ళా సెప్పు కుమారీ. ఏముంది దీంట్లో?"

"రంగులున్నాయి. గీతలున్నాయి. ఇంకేం సెప్పాల?"

"మీ హనుమంతరాయుడు బావ ఎమ్మిగనూరు నుంచి ఒళ్ళో పెట్టుకోని తెచ్చినాడు. మద్రాసులో పటాల ప్రదర్శనలో పెడితే జనం నిలబడి చూసినారంట. వట్టి గీతలకా?"

"ఇట్లాంటి పటంలో ఇది ఫలానా అని ఉండదు. కల మాదిరి. ఎవరికి తోచింది వాళ్ళకు."

"ఎవరు సెప్పినారు నీకు?"

"బావే. పుట్టింటికి పోయినప్పుడు. అందరూ ఉన్నారులే."

"ఎవరున్నారని నేనడగలేదే."

"మీకేం తోచిందో అది సెప్పండి."

"సరే, నాకు తోచింది సెప్తా. ఈ తలుపు చూడు. తలుపుంది, ఇల్లు లేదు. బయల్లో సగం తెరిసి పెట్టింది. ఎవరికోసరం?"

"గాలికి తెరుచుకునిందేమో."

"పటంలో గాలి యాడిది? ఈ పక్కంతా నలుపు. ఆ పక్కంతా ఖాళీ. ఒరిగిపోయినట్లుంది."

"ఒరగలేదు. ఖాళీకి కూడా బరువుంటుంది. రెండూ సరిపోయినాయి."

"ఆ మాట కూడా ఆయప్పదేనా?"

"మీరే కదా అడిగితిరి."

"ఖాళీలో ఈ ఒక్క ఆకారం. కుండ అనుకుంటి. కాదు. వెనక్కి తిరిగిన మనిషి."

"పత్తి మూటేమో."

"పత్తి మూట నాకు తెలీదా? ఇది మెడ. ఇది భుజం. గీతలన్నీ తలుపు కాడ బయల్దేరి ఈడికే వస్తాండాయి. కన్ను తిప్పుకుందామన్నా ఈడికే లాగుతాంది. గీసినోని పానమంతా ఈడుంది."

"అంగడికి పోకుండా దీన్నే చూస్తాండారా?"

"మాట మార్చద్దు. నిన్ను ఆయప్పకు చేసుకుంటామని మీ మామ అడిగినాడా లేదా?"

"అడిగినాడు. నాయన ఒప్పుకోలేదు. అయిపోయింది."

"ఆయప్పకు అయిపోలేదు. తలుపు తెరుసుకోని కూసున్నాడు. ఈ ఆడది ఒకసారి తిరిగి చూడల్ల. అంతే పటం."

"ఆడదని మీరంటాండారు."

"నువ్వే అది. రేపు దీన్ని పొయ్యిలో పెడతా."

"వద్దు."

"ఎందుకొద్దు?"

"వద్దంటాండా కదా."

"ఆయప్పకోసరమా?"

"బావ గీసింటే, మీరు కాల్చినా నేను అడ్డం రాను."

"గీసింటే అంటే?"

"బావ తెచ్చినాడు, అంతే. గీసినాడని ఎవరన్నా సెప్పినారా మీకు?"

"మరెవరు?"

"పుట్టింటి మిద్దె మీద గదుంది కదా. పోయినప్పుడల్లా ఆడ కూసోని కొంచెం కొంచెం గీసినా. రంగులు మాత్రం బావ తెచ్చిచ్చినాడు."

"నువ్వా?"

"ఊ."

"మరి ఆ తలుపు?"

"అది నాది."

"అయితే ఆ తిరిగి చూడని ఆడది ఎవరు?"

"ఆడది కాదు. మీరు."