నెప్ట్యూన్ ఇంటికి రానంటోంది

తప్పిపోలేదక్కా, ముందు ఆ ఫోన్ పక్కన పెట్టు. బావకి చెప్పేంత విషయం కాదిది. నీ చిన్నకూతురు ఎక్కడుందో నాకు తెలుసు. నెప్ట్యూన్ దగ్గరుంది.

అలా చూడకు. నెప్ట్యూన్ అంటే టైలరమ్మ కొట్టు. స్టూలు మీద కూర్చుంది. టైలరమ్మ పక్కనే ఉంది, పెద్దదాన్ని కూడా కాపలా పెట్టొచ్చాను.

ఎందుకేంటి? గ్రహాల పాఠం చెప్పమన్నది నువ్వేగా. ఇది కూడా సరిగ్గా చెయ్యకపోతే ఏ మొహం పెట్టుకుని నీ ఇంట్లో ఉంటాను చెప్పు? పుస్తకంలో బొమ్మ చూశావా, గ్రహాలన్నీ బస్సెక్కేవాళ్లలా ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. శుద్ధ అబద్ధం. అందుకని కూర్చుని లెక్కేశాను. మన గేటు దగ్గర ఫుట్‌బాల్ పెడితే అది సూర్యుడు. అక్కణ్ణించి ముప్ఫై అంగలేసి ఆవగింజ పెడితే భూమి. "ఇందులో మనిల్లెక్కడ పిన్నీ?" అని పెద్దది ఆవగింజని కంట్లో పెట్టుకున్నంత పని చేసింది.

గురుడు గోళీకాయ. శనికి రింగు కావాలిగా, నీ చెవి రింగు పెట్టాం. బంగారందా? అది తర్వాత మాట్లాడుకుందాం.

నెప్ట్యూన్ శనగగింజంత. ఏడొందల మీటర్లు నడిచాం. తీరా అక్కడికెళ్లాక "శనగగింజ ఎందుకు, నేనే నెప్ట్యూన్" అంది చిన్నది. సరే అన్నాను. అక్కడితో ఊరుకోవచ్చుగా? ఒక్క చుట్టు తిరగడానికి దానికి నూట అరవై ఐదేళ్లు పడుతుందని కూడా చెప్పాను.

అంతే. చుట్టు పూర్తయ్యేదాకా రాదట. తిరుగుతూనే ఉందట. మెల్లగా కదా, మనకి కూర్చున్నట్టు కనపడుతుందట.

బతిమాలానక్కా. బిస్కెట్లు చూపించాను. పాపం టైలరమ్మ టేపు పెట్టి కొలిచి, "వేలెడు జరిగావమ్మా, ఇవాళ్టికి చాల్లే" అంది. "మాట్లాడించకండి ఆంటీ, నేను ఆగితే మిగతావాళ్లొచ్చి గుద్దుకుంటారు" అంటుంది.

చివరికి విసుగొచ్చి, "మధ్యలో మానేస్తే కొంప మునగదులేవే" అన్నాను.

"నేను నీలాగా కాదు పిన్నీ" అంది. టైలరమ్మ కుట్టేది ఆపి మరీ నా వంక చూసింది.

తెలుసక్కా, నువ్వేం చెప్పలేదు దానికి. చెప్పడానికి నీకు తెలిస్తేగా. నేనే చెప్పాను, ఓ రోజు హోంవర్క్ చేయిస్తూ. ఎవరో ఒకరికి చెప్పుకోవాలనిపించింది. ఆరేళ్ల పిల్లకి ఏం అర్థమవుతుందిలే అనుకున్నాను.

ఆఫీసు మూసేశారని కదా నువ్వు నన్ను తెచ్చి ఇంట్లో పెట్టుకుంది? మూసెయ్యలేదు. అది బాగానే ఉంది. ఉద్యోగంలో చేరిన మూడో రోజు మధ్యాహ్నం అన్నం తిని, చెయ్యి కడుక్కుని, సీట్లోకి వెళ్లకుండా మెట్లు దిగి వచ్చేశాను. ఎవరూ ఏమీ అన్లేదు. ఊరికే భయమేసింది.

పొమ్మంటే పోతాలే. ముందు నువ్వు చెప్పులేసుకో, వెళ్లి దాన్ని నువ్వే పిలువు. మానేసి రావడం మంచిదే అని నేను చెబితే ఎవరు నమ్ముతారు?