జిగురు తీసేసిన మాత్ర

హలో… ఆఁ, నేనే మనోజ్ఞా, బందరు అత్తని. ఫార్మసీ క్లాసులో లేవు కదా?… హమ్మయ్య. మీ మావయ్య మీద కంప్లయింటు, రాసుకో.

— అబ్బే, పోట్లాటేం లేదు. షుగరు బిళ్ళ ఇక వేసుకోరట. పొద్దున్నే శపథం చేశారు… ఎందుకా? అది పడితే కడుపు పాడవుతోందిట. వారం నుంచీ ఇదే వరస. మజ్జిగన్నం కూడా నిలవడం లేదు. ఆఫీసులో సీట్లో కూర్చునేదానికన్నా… ఆఁ, అక్కడే ఎక్కువ.

— నేనేమన్నానా? బిళ్ళని ఆడిపోసుకోకండి, పక్కింటి రాఘవమ్మగారింట్లో తిన్న హల్వాని అనండి అన్నాను… చూడలేదులే. చూడాలా ఏమిటి, ఆ మొహం చెప్తుంది. గోడ మీంచి ఆవిడకీ చెప్పేశాను, ఇకమీదట ఆయన చేతిలో తీపి పెట్టకండి అని.

— ఆఁ, మెట్‌ఫార్మినే. ఇదివరకు చిన్నవి వేసుకునేవారు. పోయినవారం డాక్టరుగారు పెద్దదానికి మార్చారు, రోజుకొక్కటే. పేరు పక్కన ఎస్ఆర్ అని ఉంది.

— ఎక్కడ మింగుతారే! చిక్కుడు గింజంత ఉందని, గొంతుకడ్డం పడుతోందని గోల. చంటిపిల్లలు నయం. అందుకని నేనే నూరి ఇస్తున్నాను.

— కల్వంలో. మా అత్తగారు పిల్లలకి వసకొమ్ము నూరిన రాతి కల్వం ఉందిగా… ఏమిటే, అలా అరుస్తావ్?

— ఉండు, నా తెలివి పూర్తిగా విను. నూరి నీళ్ళల్లో వేస్తే, సబ్జా గింజలు నానినట్టు జిగురు తేలింది. ఇదేమిటా అని పెట్టెలో కాగితం విప్పి చదివాను. బీఎస్సీ కెమిస్ట్రీ ఊరికే పోతుందా? యాక్టివ్ కింద ఒక్కటే పేరు, మెట్‌ఫార్మిన్. ఇనాక్టివ్ కింద బోలెడు. హైప్రోమెలోజ్ అట, ఇంకేదో స్టియరేట్ అట… పనిచేయనివి పాపం ఆయన చేత ఎందుకు తాగించడం? చింతపండు పిప్పి తీసేసినట్టు, పలచటి గుడ్డలో వడకట్టి, ఆ తేట మజ్జిగలో కలిపి ఇస్తున్నాను.

— మనోజ్ఞా… నవ్వుతున్నావా, ఏడుస్తున్నావా?

— ఊఁ… ఊఁ… అంటే ఆ జిగురే మందుని పట్టుకుని ఉంచేదా? కడుపులో నాని, కొద్దికొద్దిగా వదుల్తుందా? ఎస్ఆర్ అంటే అదేనా?… మరి ఇనాక్టివ్ అని రాయడమెందుకే, నాలాంటి మేధావులుంటారని తెలిసి?… ఓహో. షుగరుని తగ్గించేది అది కాదు, మందు నెమ్మదిగా దిగేట్టు చూసేది అది. అయితే నేను… రోజంతటి మందూ ఒక్క గుక్కలో పట్టించాను. గ్లాసు తొలిచి ఆ నీళ్ళు కూడా తాగించాను తల్లీ!

— బీఎస్సీలో ఫస్టు క్లాసే. ఇంక నా మార్కుల సంగతి ఎత్తకు.

— ఆఁ, ఈ సాయంత్రమే డాక్టరుగారి దగ్గరికి వెళ్తాం. మింగలేకపోతున్నారని చెప్తాను, వేరే రకం రాస్తారేమో… నూరిన సంగతి కూడానా?… వడకట్టిన సంగతి కూడానా!… సరే, చెప్తాను.

— ముందు ఆయనకా? మెల్లిగా చెప్తాలే. ఈసారి కంపెనీ మారింది అంటే సరిపోదూ?… అలాగంటావా. నిజమేలే, బిళ్ళ మీద అనుమానం అలాగే ఉండిపోతుంది. రేపు ఇంకోటి రాసినా ముట్టుకోరు… అమ్మో, మందు మానేస్తే కళ్ళూ కిడ్నీలూ పోతాయని భయపెట్టకే. చెప్తాను. నువ్వు వింటూండగానే చెప్తాను. ఉండు.

— ఏవండీ… ఓసారి ఇటు రండి. హల్వా గురించి కాదు… అబ్బ, కాదన్నానా! ఆ బిళ్ళ దోషం ఏమీ లేదుట. నూరకూడదుట. నేను నూరి, వడకట్టి ఇవ్వబట్టి మీ కడుపు పాడైంది… అవును, నేనే… వినపడలేదా? బాగానే వినపడింది మీకు… గోడ దగ్గరికా? గట్టిగానా?

— మనోజ్ఞా, ఇంక ఫోను పెట్టేయవే… పెట్టవూ? సరే, నువ్వూ విను.

— రాఘవమ్మగారూ!… ఆఁ, నేనేనండీ. మావారు హల్వా తినలేదండీ… లేదు, అస్సలు తినలేదు. ఆయన్నీ మిమ్మల్నీ ఊరికే అన్నాను. తప్పు నాదేనండీ… ఆఁ? నాది! నాదే!