గడ్డిదూడ

హలో… ఆ, నేనే. పిచ్చుక వాళ్ళ అమ్మమ్మని… బడి నుంచా? ఉండండి టీచరమ్మా, పొయ్యి తగ్గించి వస్తా…

ఆ, చెప్పండి. ఏం చేసింది మా పిచ్చుక? ఎవరి జడైనా లాగిందా…

వ్యాసాలా.

…రాయదూ మరి. నోరు నాది, చెయ్యి వాళ్ళమ్మది. నేను ఒక్క వాక్యం కూడబలుక్కుని చదివేసరికి పొద్దుగూకుతుంది గానీ, అది—

…బాగానే రాస్తోంది గానీ? గానీ ఏంటమ్మా.

…మూడు వ్యాసాల్లోనూ ఒకటే అంశమా. అంశమంటే ఏంటి తల్లీ, నాకు విడమరిచి చెప్పాలి… ఓహో. పైకి చెప్పేది ఒకటి, కడుపులో మాట ఇంకోటి. మా అమ్మా అంతే, కూరలో ఉప్పు లేదంటే మా నాన్న మీద కోపమొచ్చిందన్నమాట… సరే, చదవండి.

…మొదటిది నాటకం మీదా. ఆ, నేనే తీసుకెళ్ళా. రాజుగారి గడ్డం ఊడి సింహాసనం కింద పడింది. జనం ఒకటే ఈలలు. ఇది మాత్రం నవ్వలేదు… అలా రాసిందా? ‘నాకు తెలిసిపోయిందని రాజుకి తెలిస్తే బాధపడతాడు, అందుకే చూడనట్టు కూర్చున్నాను’ అనా… జాలిగుండెమ్మా దానిది. తప్పేముంది ఇందులో.

…రెండోది ఆవు మీద. ఆ కథ నేను చెప్పిందే. మా చిన్నప్పుడు ఒకసారి దూడ చచ్చిపోతే, తోలులో గడ్డి కూరి నిలబెట్టారు. ఆవు దాన్నే నాకుతూ పాలిచ్చేది. మూగజీవం, మోసపోయింది పాపం—

…మోసపోలేదా?

…ఆ ముక్క మళ్ళీ చదవండమ్మా.

…‘ఆవుకి మొదటిరోజే వాసన తెలిసిపోయింది. కానీ చెంబు పట్టుకున్న ముసలమ్మ చేతులు వణుకుతున్నాయి. అందుకని గడ్డిదూడని నాకింది…’

నేనలా చెప్పలేదే. నా కథలో ముసలమ్మే లేదు. పాలు పితికింది మా పెదనాన్న.



వాళ్ళమ్మా… దూరంగా ఉంది. బట్టల ఫ్యాక్టరీలో పని. సెలవివ్వరు. శనివారం శనివారం ఫోన్ చేస్తుంది. ఇవాళా చేస్తుంది… ఎందుకడుగుతున్నారు?

…మూడోది కూడా చదివెయ్యండి.

టెలిఫోన్ ఉపయోగాలు… ఊఁ.

…‘టెలిఫోన్ వల్ల ఇంట్లో పెద్దవాళ్ళకి ధైర్యంగా ఉంటుంది. అవతల మాట్లాడేది ఎవరని అడగకూడదు. గొంతు కలుస్తుంది. నవ్వు కలవదు.’

…

…లేదమ్మా, కట్ కాలేదు. కూర్చున్నా, అంతే.

…దిద్దేశారా. ‘విషయం వదిలేసి ఎటో వెళ్ళావు’ అని రాశారా… తర్వాత మూడూ పక్కపక్కన పెట్టి చూశారా. మంచిపని చేశారు తల్లీ. నేను రోజూ పక్కనే పడుకోబెట్టుకుంటాను, నాకు కనబడలేదు.

దాని తల్లి లేదమ్మా. పోయిన వానాకాలమే పోయింది. కుట్టుమిషను మీదే ఒరిగిపోయిందన్నారు. అప్పుడిది ఆసుపత్రిలో, ఒళ్ళు కాలిపోతోంది, కళ్ళు తెరవట్లేదు. చెబితే ఇదీ దక్కదని భయం. జ్వరం తగ్గాక చెబుదామనుకున్నా. తగ్గాక, పరీక్షలవనీ అనుకున్నా. ఆ తర్వాత… ఇంత వాగుడుకాయని, ఆ ఒక్క ముక్కకి నోరు పెగల్లేదు.

…ఫోన్లో మాట్లాడేది దాని చిన్నమ్మ. నా రెండోది. అక్కాచెల్లెళ్ళిద్దరిదీ ఒకటే గొంతు, తలుపవతల నిలబడి పిలిస్తే కన్నదాన్ని నేనే పోల్చుకోలేకపోయేదాన్ని. వారమంతా అక్క కోసం ఏడుస్తుంది, శనివారం గొంతు సవరించుకుని ‘పిచ్చుకా, అన్నం తిన్నావే’ అంటుంది.

ఇదేమో బడి నుంచి రాగానే తల దువ్వుకుని, మంచి గౌను వేసుకుని ఫోన్ ముందు కూర్చుంటుంది. అమ్మ కోసమనుకున్నా ఇన్నాళ్ళూ.

…నా కోసం.

…అవునమ్మా. ఒక్కతే మోస్తోంది. కడుపారా ఏడవడానికి కూడా చోటు లేకుండా చేశాను దానికి.

…వద్దులెండి, మీరు రావద్దు. నేనే చెప్పాలి. ఇవాళే.

…ఇదిగో, మధ్యలో టుక్కుటుక్కుమంటోంది. ఇంకో ఫోన్ వస్తోంది. దాని చిన్నమ్మే అయ్యుంటుంది… మెట్లమీద చెప్పుల చప్పుడు. వచ్చేసింది. ఉంటానమ్మా.

ఏమే, వచ్చావా. సంచి దించు… దువ్వెన ఇప్పుడెందుకే. ఇటివ్వు, నేను దువ్వుతా. ఇలా నా ముందు కూర్చో.

…అమ్మ ఫోన్ వస్తోందా? అమ్మ లేదే తల్లీ. అది అమ్మ కాదు.

…

ఏడువు. నావైపు చూడకు, నాకేం కాదు. గట్టిగా ఏడువు.

…ఇదిగో, ఆ ఎర్ర బొత్తాం ఎక్కడుందో చూసి నువ్వే నొక్కు. నా చేతులు వణుకుతున్నాయి… మీ టీచరమ్మదీ ఇంకా ఆగినట్టు లేదు, చిన్నమ్మదీ మోగుతోంది. రెండు ఫోన్లూ ఆపెయ్.