‘చాలు’ అన్న మాటకు కట్టుబడిన గాజుశిల్పి భూషణం గారు

పంతొమ్మిది వందల ఎనభై ఏడవ సంవత్సరం జూన్ పదిహేనవ తేదీ సోమవారం ఉదయం, ఉప్పల్‌లోని మన రసాయన పరిశోధన సంస్థ హాజరు పుస్తకంలో, గాజు విభాగపు సహాయకునిగా శ్రీ జె. భూషణం గారు తొలి సంతకం చేశారు. అప్పటికి వారికి ఇరవై రెండేళ్లు నిండలేదు. తండ్రి రైల్వేలో గ్యాంగ్‌మన్. తల్లి నాచారంలోని చిన్న క్రైస్తవ ప్రార్థనా మందిరాన్ని ఊడ్చి, చాపలు పరిచే బాధ్యతను ఇష్టపూర్వకంగా మోసిన ఇల్లాలు. ముప్పై ఎనిమిదేళ్ల అనంతరం, ఈ ఆగస్టు నెలాఖరున, అదే విభాగానికి అధిపతిగా వారు పదవీ విరమణ చేస్తున్నారు. మన సంస్థ పత్రిక ఈ సంచికకు వారిని గురించి రాసే భాగ్యం, పరిపాలన విభాగంలో ముప్పై నాలుగేళ్లుగా వారి సహచరుడినైన నాకు, అంటే గిరిధర్‌కు, దక్కింది.

రాస్తానని చెప్పినప్పుడు వారు ఒకే ఒక షరతు పెట్టారు.

“బిక్షపతన్న సంగతి రాయాలె సార్. అది రాయకుంట నన్ను పొగిడితే అబద్ధమైతది.”

అభినందన వ్యాసంలో అపరాధ ప్రస్తావన సంప్రదాయం కాదని నేనెంతో నచ్చజెప్పబోయాను. వారు వినలేదు. కనుక ఆ సంగతి కూడా రాస్తున్నాను.

గాజు విభాగం అంటే ఏమిటో మన ఉద్యోగుల కుటుంబ సభ్యులలో కొందరికి తెలియకపోవచ్చు. పరిశోధకులకు కావలసిన పాత్రలన్నీ బజారులో దొరకవు. వారు కాగితం మీద గీసి తెచ్చిన బొమ్మను చూసి, మంట ముందు కూర్చుని, గాజు గొట్టాన్ని తిప్పుతూ, ఊదుతూ, ఆ రూపాన్ని నిజం చేసే నైపుణ్యం దేశంలో బహు కొద్దిమందికే ఉంది. భూషణం గారు ఆ విద్యను పెద్దల దగ్గర ఆరేళ్లపాటు శ్రద్ధగా అభ్యసించి, ఏడవ ఏటికి వారిని మించారు. తన చేతి పనిలో తనకే లోపం కనబడితే నిర్దాక్షిణ్యంగా పగలగొట్టి మళ్లీ మొదలుపెట్టేవారు. తేజేష్ అనే పరిశోధక విద్యార్థి ఒకసారి గడువు ముంచుకొస్తోందని, “ఇది చాలు సార్, పనికొస్తుంది” అని బతిమాలితే, “నీకు సాలు గని, దానికి సాలది. రేపు లోపల గాలి తీస్తే తట్టుకోదు” అంటూ ఆ పాత్రను చెత్తబుట్టలో వేశారు. వారి సంతృప్తిని గురించి మాట్లాడే ముందు ఈ విషయం చెప్పడం అవసరమని నా అభిప్రాయం. జీతం విషయంలో, ఇంటి విషయంలో చాలునన్న ఈ మనిషి, పని విషయంలో ఎన్నడూ చాలుననలేదు.

అయితే వారు పుట్టుకతోనే అల్పసంతోషి అనుకుంటే పొరపాటు. తొంభైల మధ్యలో ఉప్పల్ చుట్టుపక్కల భూముల ధరలు పెరుగుతున్న రోజుల్లో, మనలో చాలామందికి పట్టిన జ్వరమే వారికీ పట్టింది. అప్పటికే నాచారంలో చిన్న స్థలం కొని రెండు గదులు వేసుకున్నారు. బోడుప్పల్‌లో రెండో స్థలం కొన్నారు. మూడోది చూడసాగారు. అందుకోసం సాయంత్రం ఇక్కడి విధులు ముగియగానే, నాచారం పారిశ్రామికవాడలోని ప్రైవేటు వర్క్‌షాపులలో నిబంధనలకు విరుద్ధంగా మరో ఐదారు గంటలు పని చేసేవారు. ఆదివారం ఆరాధనకు వెళ్లడం కూడా మానేశారు. ఈ సంగతి ఇంట్లో భార్య శ్రీమతి కమలకుమారి గారికి తప్ప మరెవరికీ తెలియదు.

తొంభై ఆరు నవంబరులో ఒక మధ్యాహ్నం, వారు తయారుచేసిన పెద్ద పాత్ర ఒకటి, లోపలి గాలిని తీస్తుండగా హఠాత్తుగా బద్దలైంది. పక్కనే ఉన్న ప్రయోగశాల సహాయకుడు శ్రీ బిక్షపతి గారి ముఖంలోకి గాజు పెంకులు దూసుకుపోయాయి. ఎడమ కంటి చూపు పోయింది.

విచారణ కమిటీ ఏర్పడింది. వాంగ్మూలాలు రాసుకునే గుమాస్తాను నేనే. గొట్టం సరఫరా అయినప్పుడే గాజులో లోపం ఉండి ఉంటుందని కమిటీ దాదాపు తేల్చేసింది. ఫైలు మూయడమే తరువాయి. అప్పుడు భూషణం గారు నా బల్ల ముందుకు వచ్చి నిలబడ్డారు.

“నా మాట రాసుకోండ్రి సార్. ఊదిన గాజును కొలిమిల పెట్టి మెల్లగ సల్లారనియ్యాలె. పూటంత పడతది, లేకుంటే తర్వాత పగులుతది. నేను గంటల తీసేసిన. బయట పనికి పోయి పోయి నిద్ర సాలుతలేదు. జల్ది ముగించుకుని మళ్లా నాచారం పోవాలనే తొందర.”

నేను కలం పక్కన పెట్టాను. “కమిటీ మీ తప్పు లేదనే రాస్తోంది. మీరు ఈ మాట చెబితే ఉద్యోగానికే ముప్పు. ఇంట్లో ఆలోచించారా?”

“కమలకు చెప్పిన. పోయి చెప్పిరా అన్నది.”

అంతకుముందే వారు ఆసుపత్రికి వెళ్లి బిక్షపతి గారికీ చెప్పారట. ముఖానికి కట్లతో పడుకున్న ఆ మనిషి, “ఎవ్వలకు తెల్వది గద, నాకెందుకు చెప్తున్నవ్?” అని అడిగారట. “నాకు తెలుసు గదనే అన్నా” అన్నారట భూషణం గారు.

ఉద్యోగం పోలేదు, రెండు ఇంక్రిమెంట్లు పోయాయి. బోడుప్పల్ స్థలాన్ని అమ్మి, బిక్షపతి గారి శస్త్రచికిత్సలకు వినియోగించారు. చూపు మాత్రం తిరిగి రాలేదు. బిక్షపతి గారు ఆ సహాయాన్ని స్వీకరించారే గానీ, నాలుగేళ్లపాటు భూషణం గారితో ఒక్క మాటా మాట్లాడలేదు. ఎదురుపడితే మొహం తిప్పుకునేవారు. భూషణం గారు నొచ్చుకునేవారే గానీ, అది తమకు న్యాయంగా రావలసిందేనని భావించేవారు. రెండు వేల సంవత్సరంలో ఒక మధ్యాహ్నం బిక్షపతి గారు టిఫిన్ డబ్బా పట్టుకుని గాజు విభాగానికి వచ్చి బల్ల మీద కూర్చున్నారు. “ఇయ్యాల కూర జర ఎక్కువైంది. తింటవా?” అన్నారు. ఆ పూట ఇద్దరూ ఒకే డబ్బాలో తిన్నారు. క్షమాపణల మాట వారి మధ్య మళ్లీ రాలేదని ఇద్దరూ నాతో వేర్వేరుగా చెప్పారు.

ఆ ప్రమాదం తర్వాత భూషణం గారు తిరిగి ఆరాధనకు వెళ్లడం మొదలుపెట్టి, తల్లి చేసిన పనినే తామూ చేపట్టారు. ఆదివారం అందరికంటే ముందు వెళ్లి చాపలు పరుస్తారు. ఒక క్రిస్మస్‌కు వారి ఆహ్వానంపై వెళ్లిన నేను, వారు చేసిన ప్రార్థనను స్వయంగా విన్నాను. “ప్రభువా, ఉన్నది సాలు అనే మనసియ్యి. అది నాకు పుట్టుకతోని రాలేదు. దినాం అడుక్కుంటనే ఉంట” అన్నారు. నేను క్రైస్తవుణ్ణి కాను. అయినా సంతృప్తి అనేది సాధించి దాచుకునే వస్తువు కాదనీ, ఏ రోజుకారోజు అడిగి తెచ్చుకోవలసినదనీ నాకు తెలిసింది ఆ చాపల మీద కూర్చున్న పూటే.

ఆ మనసుకు నిజమైన పరీక్ష రెండు వేల ఎనిమిదిలో ఎదురైంది. నాచారంలో గాజు పరికరాల కర్మాగారం నడుపుతున్న శ్రీ సీతారామయ్య గారు ఒక ఆదివారం మధ్యాహ్నం స్వయంగా భూషణం గారి ఇంటికి వచ్చారు. ఆ సమయంలో నేనూ అక్కడే ఉన్నాను. ప్రభుత్వోద్యోగం వదిలి వస్తే నాలుగింతల జీతం, కారు, లాభాలలో వాటా ఇస్తానన్నారు. ఆయన మాటలో మోసం లేదు. ప్రతిభను గుర్తించిన వ్యాపారి మర్యాదే ఉంది. ఆయన వెళ్లిపోయాక భూషణం గారు నవ్వి ఊరుకోబోతుండగా, అంబర్‌పేట్‌లోని ఒక దవాఖానాలో నర్సుగా పనిచేస్తున్న కమలకుమారి గారు గొంతు తగ్గించి ఇలా అన్నారు:

“సార్, ఈయనకు సాలు అనుడు అలవాటైంది. సాలనిది ఏందో నాకు తెలుసు. ప్రజ్ఞ ఇంటర్ అయిపోతున్నది. నేను నడుం నొప్పితోని రెండు బస్సులు మారి డ్యూటీకి పోతున్న. దేవుడు అత్యాశ వద్దన్నడు గని, సుఖంగ బతకొద్దనలే గద.”

భూషణం గారి ముఖం చిన్నబోయింది.

“నువ్వన్నది నిజమే కమలా. నేను ఎన్నడు నిన్ను అడగలే. నువ్వు పొమ్మంటే పోత.”

“పొమ్మంటలేను. ముందుగాల ఆ జాగ చూసొద్దాం.”

మరుసటి శనివారం దంపతులతో పాటు నేనూ వెళ్లాను. పొడవాటి రేకుల షెడ్డు. తొమ్మిదిమంది కార్మికులు మంటల ముందు కూర్చుని గాజు ఊదుతున్నారు. కాలే గాజు నుంచి వచ్చే పసుపు వెలుగు కళ్లను దెబ్బతీస్తుంది. దాన్ని ఆపే రంగు కళ్లద్దాలు ఒక్కరికీ లేవు. వేడిని, పొగను బయటికి లాగే ఫ్యాన్లూ లేవు. కమలకుమారి గారు ఒక కార్మికుడి దగ్గరికి వెళ్లి, నర్సుల అలవాటు చొప్పున కింది రెప్పను వేలితో దించి చూశారు. ఆ కన్ను నెత్తురు ముద్దలా ఉంది.

“ఎన్నొద్దుల సంది?”

“ఎప్పటికీ గిట్లనే ఉంటదమ్మా. అలవాటైపోయింది.”

భూషణం గారు ఈ విషయం ప్రస్తావించగా సీతారామయ్య గారు నిష్కపటంగానే బదులిచ్చారు. “తప్పకుండా పెడదామండీ. మీరొచ్చాక మీరే చూసుకోండి. కాకపోతే ఆ ఖర్చు లాభంలోంచే పోవాలి కాబట్టి, మీ వాటా ఆ మేరకు తగ్గుతుంది.”

బయటికి వచ్చాక నేను ఊరుకోలేకపోయాను. “మీరు లోపలికి వెళ్తేనే కదా ఇవన్నీ మార్చగలిగేది? కాదనుకుంటే వాళ్లకేం మేలు?” అని వాదించాను. ఆ ప్రశ్న సహేతుకమేనని ఇప్పటికీ నా నమ్మకం.

వారు కొంతదూరం నడిచి, ఆగి అన్నారు: “మొదట మార్చాల్ననే పోత సార్. ఏడాది అయినంక, ఈ నెల వద్దు, వచ్చే నెల సూద్దాం అంట. బయటోనిగ అయితే గట్టిగ అడగొచ్చు. వాటాదారునైతే నా నోరు నేనే మూసుకుంట. నన్ను నేను ఒకసారి చూసిన గద.”

కమలకుమారి గారు బస్టాపు దగ్గరికి వచ్చాక భర్త వైపు తిరిగి, “వద్దులే. ఆ కండ్లు చూసినంక ఆ కారుల నేను కూసోలేను. బిడ్డ సదువుకు వారంల రెండు డ్యూటీలు ఎక్కువ అడుగుత. నువ్వు మాత్రం పొద్దుగాల వంట చెయ్యాలె” అన్నారు. ఆనాటి నుంచి నేటి వరకు ఆ ఇంట్లో ఉదయపు వంట భూషణం గారిదే. పప్పుచారు మొదటి ఏడాది భరించడం కష్టమైందని వారి అమ్మాయి చిరంజీవి ప్రజ్ఞ నాతో చెప్పింది. ఆ అమ్మాయి ఇంజనీరింగ్ పూర్తిచేసి, తన ఇష్టంతోనే అధ్యాపక వృత్తిలో చేరి, నేడు సైనిక్‌పురిలో పిల్లలకు లెక్కలు బోధిస్తోంది.

సీతారామయ్య గారికి భూషణం గారు తమ నిరాకరణతో పాటు ఒక ప్రతిపాదన కూడా తెలియజేశారు. మన సంస్థ లిఖితపూర్వక అనుమతితో, ప్రతి శనివారం మధ్యాహ్నం వచ్చి కార్మికులకు ఉచితంగా పని నేర్పుతామనీ, అయితే మొదటి తరగతి నాటికి తొమ్మిదిమందికీ కళ్లద్దాలు, షెడ్డుకు ఫ్యాన్లు ఉండాలనీ. యజమాని నొచ్చుకుని నెల రోజులు జవాబివ్వలేదు. తర్వాత అంగీకరించారు. ఆ శనివారాలు కరోనా వచ్చేవరకు, పన్నెండు సంవత్సరాలు సాగాయి. అక్కడ నేర్చుకున్నవారు నేడు నాచారం, మల్లాపూర్‌లలోని వర్క్‌షాపులలో పని చేస్తున్నారు. వారి కళ్లు ఆరోగ్యంగా ఉన్నాయి.

ఆ కాలంలోనే నేను కాప్రాలో ఒకటి, సైనిక్‌పురిలో ఒకటి ఫ్లాట్లు సంపాదించాను. అందుకు సిగ్గుపడటం లేదు. నా పిల్లల అవసరాలు నావి. ధనాన్ని వెంబడించని వారందరూ భూషణులు కారు, వెంబడించిన వారందరూ దుర్మార్గులూ కారు. ఒక విషయం మాత్రం ఈ సందర్భంలో స్పష్టంగా చెప్పాలి. మనం శ్లాఘిస్తున్న ఈ సంతృప్తికి సగం మూల్యాన్ని, రెండు బస్సులు మారి అదనపు డ్యూటీలు చేసిన శ్రీమతి కమలకుమారి గారు చెల్లించారు. కాబట్టి ఈ అభినందనలో సగభాగం న్యాయంగా వారిది.

వీడ్కోలు కానుక ఏమివ్వాలనే చర్చ గత నెలలో వచ్చింది. వద్దంటారేమోనని సంకోచిస్తూనే అడిగాను.

“ఇయ్యండ్రి సార్. ప్రేమతోని ఇస్తే వద్దనుడు కూడ గర్వమే. కాకపోతే నన్ను అడగకుండ్రి, కమలను అడగండ్రి.”

ఫోను చేస్తే ఆమె ఏమాత్రం తడుముకోలేదు. “బట్టలుతికే మిషన్ సార్. మా ఇంట్ల లేదు” అన్నారు.

ఆ మాట భూషణం గారికి చెప్పాను. “ఇరవై ఎనిమిదేండ్లు సార్. నాకు సాలు, నాకు సాలు అనుకుంట బతికిన. ఆమె చేతులకు సాలైందా అని చూడలే” అన్నారు. ఆ తర్వాత మెల్లగా, “ఇగ బట్టలు మిషన్ల ఏసుడు, ఆరేసుడు రెండూ నావే” అని కూడా అన్నారు.

మిషన్ మొన్న బుధవారం నాడే నాచారం చేరింది.

ఇంతటి మహనీయ సహచరునికి భగవంతుడు సంపూర్ణ ఆరోగ్యాన్ని, నిలకడైన చూపును, వణకని చేతులను చిరకాలం ప్రసాదించాలని మన సంస్థ కుటుంబం పక్షాన ఆకాంక్షిస్తున్నాను. శ్రీమతి కమలకుమారి గారి నడుము నొప్పి తగ్గి, దంపతులిద్దరూ ఏ బస్సూ అందుకోవలసిన తొందర లేని ఉదయాలను నిండు నూరేళ్లూ కలిసి చూడాలని, ఆ ఉదయాలు వారికి చాలుననిపించకూడదని మనసారా కోరుకుంటున్నాను.