రేటు పెరిగిన పుస్తకం

కొత్తగూడెం బస్టాండ్ పక్కన పాత పుస్తకాల బండి దగ్గర ఒకామె ఆగింది. ఎదురుగోడ మీద ఎగిరే మనిషి సినిమా పోస్టరు కొత్తగా అంటించి ఉంది.

"అన్నా, ఎండాకాలంల నీకు కాటాకేసి అమ్మిన బొమ్మల పుస్తకాలు ఉన్నయా?"

"ఒక్కటే మిగిలిందక్కా. కానీ దాని రేటు ఇప్పుడు వేరే. ఆ ఎగిరే మనిషి సినిమా వచ్చినకాడినుంచి, గా బొమ్మలున్న పుస్తకాలే పిల్లలు ఎగబడి కొంటున్నరు."

"ఎంతైనా ఇస్త. అది మా ఆయనది."

"ఆయనే పంపిండా?"

"ఆయన లేడన్నా. పోయినంక, కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసేటప్పుడు తెలివిలేక అమ్ముకున్న."

"అయ్యో. బొగ్గుబాయిల చేసేటోడా?"

"అవ్. చదువు రాదు. డ్యూటీ దిగొచ్చి, బిడ్డను ఒళ్లో కూసోబెట్టుకొని, బొమ్మ బొమ్మ మీద వేలు పెట్టుకుంట సొంతంగ కథ అల్లి చెప్పేటోడు. ఎంత కడిగినా ఆ వేళ్ల బొగ్గు పోకపోయేది. ప్రతి బొమ్మ మీద ఆయన వేలిముద్ర ఉంటది. బిడ్డ ఇప్పుడు అదే పుస్తకం కావాలని ఏడుస్తుంది."

"ఇగో, తీస్కపో అక్కా. పైసలొద్దు."

"గిదేంది, గింత తెల్లగున్నది? ఇది మాది కాదన్నా."

"మీదే అక్కా. మరకలుంటే రేటు రాదని, పొద్దంతా కూసోని రబ్బరుతోటి తుడిచిన. బొమ్మ చెడకుంట, ఒక్కొక్కటే తుడిచిన."

"ఒక్కటన్న మిగల్లేదా?"

"మంచిగ తుడిచిన అక్కా."