నలభై మూడో ట్యూబు

ఆసుపత్రి ల్యాబు వెనక గది. వారం దాటిన రక్తం ట్యూబులను బ్లీచింగు నీళ్లలో నానబెట్టి పారేసే చోటు. పనిచేసేది ఇద్దరే. పెద్దావిడ వారం సెలవు తర్వాత ఇవాళే వచ్చింది.

"ఏమే, బకెట్లో నీళ్లు ఇంత వెచ్చగా ఉన్నాయేంటి?"

"మామూలు నీళ్లే అక్కా."

"నా చెయ్యేమన్నా చెక్కా? సార్ టీ కెటిల్లో కాచావు కదూ? ఆయన చూశాడంటే ల్యాబు పైకప్పు లేచిపోతుంది."

"చేతులు కొంకర్లు పోతుంటే..."

"గ్లౌజులుండగానా? మొదటిరోజే చెప్పానా లేదా? బ్లీచింగు చన్నీళ్లలోనే కలపాలి. వేణ్నీళ్లలో కలిపితే దాని పవరంతా పోయి ఉత్త నీళ్లే మిగులుతాయి. పారబొయ్యి."

"ఉండనీ అక్కా, ఓ పక్కన."

"ఉంటే ఉండనీలే. రెండో బకెట్లో నేను కలుపుతా. నువ్వు ట్రే తియ్యి. చదువుకున్నదానివి, నంబర్లు చదువు."

"ఏడో క్లాసే అక్కా."

"నాకన్నా ఏడు ఎక్కువేగా. ఊఁ, కానీ."

"నలభై. నలభై ఒకటి. నలభై రెండు. నలభై నాలుగు. నలభై..."

"ఆగాగు. నలభై మూడేదే?"

"ట్రేలో లేదక్కా."

"లేకపోతే రేపట్నించి మనమిద్దరమూ ఉండం ఇక్కడ. వెతుకు. అన్నట్టు పాపెలా ఉంది? జ్వరం దిగిందా?"

"నలభై ఐదు. నలభై ఆరు."

"నిన్నేనే, అడుగుతుంటే."

"ముందు ఇవి కానివ్వక్కా."

"ఆ గుప్పిట్లో ఏంటి?"

"ఏం లేదు."

"ఏం లేనిదానికి అంత బిగించాలా? పగిలితే గాజు చేతిలో దిగుతుంది. విప్పవే! ఇదిగో, ఇదే కదే నలభై మూడు?"

"పాపదక్కా."

"ఓసి పిచ్చిదానా! నేను సెలవుకెళ్లే ముందురోజు తీసిందేగా? కాళ్లు నేనే పట్టుకున్నా. మూడు చోట్ల పొడిచారు పాపం. రిపోర్టు వచ్చేసుంటుంది, ఇంక దీంతో ఏం పని? కావాలంటే మళ్లీ తీస్తారు."

"మళ్లీ తియ్యలేరక్కా."

"అంటే?"

"నలభై ఏడు. నలభై ఎనిమిది."

"ఏమే. అంటే ఏంటే?"

"ఆ మర్నాడే అక్కా. తెల్లారాక. పాలు పట్టబోతే నోరు తెరవలేదు."

"నా తల్లే... నాకొక్కరూ చెప్పలేదే. మరి నువ్వు పనికెందుకొచ్చావే?"

"వారం దాటితే పారేస్తారుగా. ఇంకెవరో పారేస్తారని."

"ఇటు రా. అయ్యో, కళ్లు తుడుచుకోకు, గ్లౌజులున్నాయి! ఆగు, నేను తుడుస్తా, మోచేత్తో."

"నేనే అంటించానేమో అక్కా. ఓ రోజు ఏడుస్తోందని ఫోనొస్తే ఏప్రన్ విప్పకుండానే ఇంటికి పరిగెత్తాను. చేతులు మూడుసార్లు కడిగానో, రెండుసార్లో..."

"డాక్టరేమన్నాడు?"

"పుట్టుకతోనే గుండె బలహీనమట. జ్వరానికి తట్టుకోలేకపోయిందట. నీ తప్పేం లేదమ్మా అన్నాడు."

"విన్నావుగా మరి."

"రెండుసార్లే కడిగానేమో అక్కా."

"చాల్లే, చాల్లే. ఇటివ్వు, నేను వేస్తాను."

"వద్దు, నేనే. ఫ్రిజ్‌లోంచి తీసినప్పుడు మంచుగడ్డలా ఉంది. ఇప్పుడిప్పుడే కాస్త వెచ్చబడింది."

"సరే, నువ్వే వెయ్యి. ఇదిగో, ఈ బకెట్లో."

"అందులో కాదక్కా. ముందు ఈ వేణ్నీళ్లలో, ఒక్కసారి."

"వాటిలో ఏ క్రిమీ చావదే. చెప్పాగా."

"తెలుసక్కా. చన్నీళ్లు తగిలితే గుక్కపట్టేస్తుంది."